తొట్టెల కట్టే చోటు



మా ఇంటి నడిమి అర్రలో తలెత్తి చూస్తే స్లాబుకు ఒక ఇనుప కొక్కెం కనిపిస్తుంది. ముప్పయ్యేళ్ల కింద ఈ ఇల్లు కట్టేటప్పుడు, స్లాబు పోసే ముందురోజు మేస్త్రి మా అత్తమ్మ దగ్గరికి వచ్చి, "తొట్టెల ఏడ కడ్తరమ్మా?" అని అడిగాడు. ఫ్యాను ఎక్కడ, లైటు ఎక్కడ అన్న మాటలు ఆ తర్వాతే వచ్చాయి. అత్తమ్మ లోపలికి వెళ్లింది. కిటికీ ఎటు, దర్వాజ ఎటు, గాలి ఎటు నుంచి ఎటు పోతుంది అని చూసుకుంది. మంచం పడే చోటు పక్కన నిలబడి చెయ్యెత్తి, "ఈడ" అంది. సెంట్రింగు చెక్క మీద ఆయన సుద్దతో గుర్తు పెట్టాడు. మర్నాడు ఆ కొక్కెం కాంక్రీటులో ఒదిగిపోయింది.

నా ఇద్దరు పిల్లల తొట్టెల ఆ కొక్కానికే కట్టాం. ఆ తర్వాత చాలా ఏండ్లు అది ఊరికే ఉంది. ఈ మధ్య మా పెద్దబిడ్డ ఎనిమిదో నెలలో తల్లిగారింటికి వచ్చింది. తను హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. ఫోనులో కొన్ని ఫొటోలు చూపించింది. గోడల మీద మబ్బులు, నక్షత్రాలు, ఏనుగు పిల్లలు. మూలన తెల్లటి చెక్క మంచం, దానికి నాలుగు దిక్కులా కటకటాలు. "అమ్మా, మన దగ్గర కూడా బిడ్డకు ఒక అర్ర తయారు చేద్దామా?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నెల రోజులుగా నేను చూసిందీ, విన్నదీ, డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నదీ ఈ పూట మీతో చెప్పుకుంటాను. నేను పుట్టింది నల్లగొండ జిల్లాలో, మెట్టింది పాలమూరులో. కాబట్టి నా మాటల్లో రెండు జిల్లాల ముచ్చట్లూ ఉంటాయి.

బిడ్డ మాట వినగానే మా అత్తమ్మ గాభరా పడింది. "పుట్టకముందే తొట్టెల తెచ్చుడేంది బిడ్డా? ముందుగాల రెండు పానాలు ఏరువడనియ్యి" అంది. ఈ మాట మన ఇండ్లల్లో చాలామంది విన్నదే. పుట్టబోయే బిడ్డకు ముందే బట్టలు కొనరు, తొట్టెల తేరు. పేరు కూడా అనుకోరు. చదువుకున్న పిల్లలకు ఇది చాదస్తంగా అనిపించవచ్చు. కానీ ఈ మాట ఎక్కడి నుంచి పుట్టిందో ఆలోచించండి. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయారు. అంటే ఎనిమిది తొట్టెలల్లో ఒకటి ఖాళీ అయినట్టు. అంతకు ముందు కాలం ఇంకా కష్టమైంది. తెచ్చిన తొట్టెలను కళ్ల ముందు ఖాళీగా చూడలేక, ఆ దుఃఖం నుంచి ఆడవాళ్లు తమను తాము కాపాడుకోవడానికి పెట్టుకున్న కట్టుబాటు ఇది. అత్తమ్మ కూడా ఒక బిడ్డను అట్లా పోగొట్టుకుంది. ఆమె భయాన్ని నేను ఎన్నడూ తక్కువ చేసి మాట్లాడను.

అయితే కాలం మారింది. 2020 లెక్కల్లో దేశం మొత్తానికి ఆ 129 కాస్తా 28కి దిగింది. మన తెలంగాణలో 21. దవాఖానలో కాన్పులు, టీకాలు, తల్లిపాల మీద తెలివిడి కలిసి చేసిన పని ఇది. అందుకని మేం ముగ్గురం ఒక ఒప్పందానికి వచ్చాం. తొట్టెల మాత్రం అత్తమ్మ అన్నట్టు ఇరవై ఒకటో రోజునే కడతాం. అర్రను, బట్టలను ఇప్పుడే సిద్ధం చేసుకుంటాం.

ముందు బట్టల సంగతి. తెలుగులో పొత్తిళ్లు అని ఒక మాట ఉంది. పసిబిడ్డను చుట్టే మెత్తటి గుడ్డలకు ఆ పేరు. పొత్తిళ్లలో బిడ్డ అంటే ఇంకా లోకం చూడని బిడ్డ. దుకాణంలో కొత్తబట్ట తెచ్చి పొత్తిళ్లు చెయ్యరు. ఏళ్ల తరబడి కట్టి, ఉతికి, ఎండేసి, గంజి బిరుసు పూర్తిగా పోయిన నూలు చీరలు, తాత కట్టిన పంచెలు చించి చేస్తారు. కొత్తబట్టలో గంజి ఉంటుంది, అద్దకం రంగు ఉంటుంది, కుట్టు అంచు ఉంటుంది. పసిబిడ్డ చర్మం పెద్దవాళ్ల చర్మం కన్నా చాలా పలుచన. దానికి ఇవన్నీ ఒరుసుకుంటాయి. పాత నూలుబట్ట తడిని పీల్చుకుంటుంది, గాలి ఆడనిస్తుంది, తొందరగా ఆరుతుంది. ఉతికిన బట్టను మరిగిన నీళ్లలో ముంచి, ఎర్రటి ఎండలో రెండు వైపులా ఆరేస్తే చాలు. ఎండకు మన జిల్లాల్లో కరువు లేదు కదా.

మా అత్తమ్మ పెట్టె తీసింది. అందులో నారాయణపేట చీరలు రెండు, గద్వాల చీర ఒకటి దొరికాయి. గద్వాల చీర ప్రత్యేకత మీకు తెలిసిందే. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే కలుపుతారు. అత్తమ్మ కత్తెర తీసుకుని జరీ అంచులు జాగ్రత్తగా వేరు చేసింది. జరీ పోగు బిడ్డ ఒంటికి గీరుకుంటుంది. ఊడిన దారం చిన్న వేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు నల్లబడుతుంది. అందుకే పొత్తిగుడ్డలకు వేలాడే దారాలు, లేసులు, గుండీలు ఏవీ ఉండకూడదు. అంచులను పక్కన పెట్టి, ఒంటిబట్టను నాలుగు మడతలు చేసి, చేతికుట్టుతో బొంత మొదలుపెట్టింది. బొంత కుట్టడం చూడటానికి తేలిక. కానీ కుట్టు బిగువైతే బట్ట ముడత పడుతుంది, వదులైతే లోపలి మడత జారిపోతుంది. అత్తమ్మ వేళ్లకు ఆ కొలత తెలుసు. మా బిడ్డ పక్కన కూర్చుని నేర్చుకుంటోంది. ఎనిమిదో నెలలో నిద్రపట్టని మధ్యాహ్నాలకు అంతకన్నా మంచి పని లేదు.

చలికాలం కాన్పులకు ఇంకో వస్తువు కూడా ఉండేది. గొంగడి. పాలమూరు కురుమల చేతిలో, దక్కని గొర్రెల నల్ల ఉన్నితో నేసిన గొంగడి. అది నేల చెమ్మను పైకి రానివ్వదు. బిడ్డ ఒంటికి తగిలితే గరుకే, అందుకని నేల మీద గొంగడి పరిచి, దాని మీద బొంత వేసేవాళ్లు. కింద గరుకు, పైన మెత్తన. ఇప్పుడు రంగురంగుల ప్లాస్టిక్ చాపలు వచ్చాయి కానీ, ఇంట్లో మంచి గొంగడి ఉంటే పారేయకండి. దులిపి ఎండలో వేసి దాచిపెట్టండి.

ఇక అర్ర సంగతి. బాలెంత ఉండే గది అంటే మనకు గుర్తొచ్చేది ఏమిటి? మూసిన కిటికీలు, కుంపటి, ఊదు పొగ, కారపు వాసన. మా అమ్మ చెప్పేది, ఆమె బాలెంతగా ఉన్నప్పుడు ఇరవై ఒక్క రోజులు వెలుగు చూడలేదని. దానికీ ఒక కారణం ఉంది. మట్టి ఇండ్లు, వానాకాలం చెమ్మ, ఊరంతా వచ్చి బిడ్డను ఎత్తుకునే అలవాటు. బయటి మనిషి రాకుండా, చలి తగలకుండా కాపాడుకోవడానికి ఆ ఏర్పాటు. అందులో మంచి భాగాన్ని మనం నిలుపుకోవాలి. కొత్త బిడ్డ దగ్గరికి దగ్గు, జలుబు ఉన్నవాళ్లు రాకూడదు. వచ్చినవాళ్లు చేతులు కడుక్కోకుండా బిడ్డను ముట్టుకోకూడదు. ముద్దులు పెట్టకూడదు. ఆ రోజుల్లో గుమ్మం దగ్గర నీళ్ల చెంబు పెట్టేవాళ్లు. ఇప్పుడు చెంబు పక్కన సబ్బు కూడా పెట్టండి.

కానీ పొగను మాత్రం వదిలేయాలి. పసిబిడ్డ ఊపిరితిత్తులు పుట్టిన తర్వాత కూడా ఇంకా ఎదుగుతూ ఉంటాయి. బొగ్గు కుంపటి మూసిన గదిలో విషవాయువు నింపుతుంది, ప్రాణం తీస్తుంది కూడా. తల ఆరబెట్టడానికి ఊదు పొగ పట్టాలనుకుంటే, అది బాలెంత తలకే, అదీ వేరే చోట, బిడ్డను పక్కన పెట్టి, కిటికీ తెరిచి. బీడీ, సిగరెట్ తాగేవాళ్లు ఆ అర్ర వైపు రానే రాకూడదు. అగర్బత్తీ, దోమల కాయిల్ పొగ కూడా పొగే. దోమలకు దోమతెర మేలు. గొడుగులా తెరుచుకునే చిన్న దోమతెరలు ప్రతి ఊరి సంతలో దొరుకుతున్నాయి.

ఎండాకాలం కాన్పు అయితే ఇంకో జాగ్రత్త. నల్లగొండలో మే నెల అంటే ఎండ ఎంతుంటుందో మీకు చెప్పనక్కర లేదు. కొన్ని రోజులు 45 డిగ్రీలు దాటుతుంది. అట్లాంటి రోజున కూడా బిడ్డకు ఉన్నిటోపీ పెట్టి, మూడు గుడ్డలు చుట్టి, కిటికీ మూసే ఇండ్లు నేను చూశాను. బిడ్డకు చలి ఎంత ప్రమాదమో వేడి కూడా అంతే ప్రమాదం. డాక్టరమ్మ నాకు ఒక తేలిక పద్ధతి చెప్పింది. బిడ్డ అరచేయి, అరికాలు చల్లగా ఉన్నాయా అని కాదు, మెడ వెనుక, పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాలట. అక్కడ చెమట పడితే ఒక గుడ్డ తీసేయాలి. ఫ్యానూ కూలరూ వాడవచ్చు, గాలి నేరుగా ముఖానికి కొట్టకుండా చూసుకుంటే చాలు. ఆరు నెలల దాకా నీళ్లు పట్టాల్సిన పని లేదు, ఎండాకాలమైనా సరే. తల్లిపాలలోనే దాహం తీర్చే నీళ్లున్నాయి.

గోడల సంగతికి వద్దాం. మా బిడ్డ అడిగిన మబ్బులూ నక్షత్రాలూ. ఇక్కడ నేను మా అమ్మగారి ఇంటి గోడలను గుర్తు చేసుకుంటాను. పైనంతా తెల్ల సున్నం, కింద నడుమెత్తు జాజు. ఎర్రటి జాజు మీద సున్నపు చుక్కలు, గీతలు. పండుగకూ, పెండ్లికీ, బిడ్డ పుట్టబోయే ముందూ ఆ గోడలను అలికేవాళ్లు. సున్నం చెమ్మను పీల్చుకుంటుంది, పురుగును దగ్గరికి రానివ్వదు, గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది. ఇప్పుడు అందరివీ రంగుల గోడలే. వేసుకోండి, తప్పు లేదు. రెండు మాటలు మాత్రం గుర్తుంచుకోండి.

మొదటిది సీసం. పాతకాలపు మెరిసే రంగుల్లో సీసం కలిపేవాళ్లు. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఎంత తక్కువైనా మంచిది కాదు. మన ప్రభుత్వం 2016లో నియమం తెచ్చింది. 2017 నవంబరు 1 నుంచి ఇండ్లకు వేసే రంగుల్లో పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించి సీసం ఉండకూడదు. డబ్బా మీద ఆ మాట రాసి ఉందో లేదో చూసి కొనండి. అసలు ప్రమాదం పాత వస్తువులతో. తాతల నాటి రంగుల తొట్టెల, పాత కిటికీ కటకటాలు. పండ్లు వచ్చే వయసులో బిడ్డ వాటిని కొరుకుతుంది. రంగు పెచ్చులు నోట్లోకి పోతాయి. వడ్లాయనను పిలిచి, బిడ్డ పుట్టకముందే, కడుపుతో ఉన్నామె ఇంట్లో లేనప్పుడు ఆ రంగు తీయించండి. గీకేటప్పుడు దుమ్ము లేవకుండా తడిపి గీకమనండి.

రెండోది, రంగు పని కాన్పుకు కనీసం నెల ముందు ముగించండి. వాసన పూర్తిగా పోవాలి. బిడ్డ ముక్కుకు తల్లి వాసన ఒక్కటే దారి చూపాలి.

ఇప్పుడు బిడ్డ ఏం చూస్తుంది అన్న ప్రశ్న. అప్పుడే పుట్టిన బిడ్డకు జానెడు, జానెడున్నర దూరం మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది. 20 నుంచి 30 సెంటీమీటర్లు. పాలు తాగే బిడ్డ కండ్ల నుంచి తల్లి ముఖం దాకా ఉండే దూరం సరిగ్గా అంతే. పైకప్పుకు మనం ఎన్ని నక్షత్రాలు అంటించినా మొదటి నెల బిడ్డకు అవి మసక. లేత గులాబీకి, లేత నీలానికి కూడా బిడ్డకు తేడా తెలియదు. నలుపు తెలుపుల అంచులు, ముదురు ఎరుపు ముందుగా కంటికి ఆనుతాయి.

ఈ మాట డాక్టరమ్మ చెప్పగానే నాకు మా నల్లగొండ పుట్టపాక గుర్తొచ్చింది. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. అక్కడ తేలియా రుమాలు నేస్తారు. దాని రంగులు మూడే. ఎరుపు, నలుపు, తెలుపు. నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, తర్వాత చిటికి కట్టి రంగులద్దుతారు. అందుకే దానికి ఆ నూనె పేరు. ఆ నేతకే గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. చతురస్రాలు, నక్షత్రాలు, చక్రాలు, ఏనుగులు, గడియారాలు కూడా ఆ మూడు రంగుల్లో నేస్తారు. మా బిడ్డ ఫోనులో చూపించిన ఏనుగు పిల్ల మన మగ్గం మీదే ఉంది. రుమాలు వెల ఎక్కువ కాబట్టి అందరికీ సాధ్యం కాదు. పోచంపల్లి నేత ముక్క దొరికినా చాలు. చెక్క చట్రానికి బిగించి, పాలిచ్చే మంచం పక్క గోడకు, బిడ్డ చెయ్యి అందనంత ఎత్తులో పెట్టండి. ఆ ఆకారాల మీద బిడ్డ చూపు నెమ్మదిగా నిలబడటం మీరే గమనిస్తారు.

ఆముదం మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. ఆముదం మన ఎర్రచెల్కల పంట. నల్లగొండ, పాలమూరు రైతుకు వాన లేని ఏడు తోడున్న పంట. మాడుకు ఆముదం పెట్టడం, ఆముదపు దీపం మసితో కాటుక పట్టడం మన అలవాటు. మాడు మీద రెండు చుక్కలు మెత్తగా అద్దితే ఏమీ కాదు. నోట్లో మాత్రం పొయ్యొద్దు, బిడ్డకు విరేచనాలై నీరసిస్తుంది. కాటుక కంట్లో పెట్టొద్దు. దిష్టి కోసం పెట్టకుండా ఉండలేం అనుకుంటే అరికాలికి ఒక చుక్క పెట్టండి. అత్తమ్మ కూడా దానికి సరేనంది.

ఇక తొట్టెల. మాటవరుసకు మనం చెక్క తొట్టెల, గుడ్డ తొట్టెల, ఇప్పటి ఇనుప స్టాండు తొట్టెల అని మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. గుడ్డ తొట్టెలకు ఉన్న సుఖం మరి దేనికీ లేదు. తల్లి చీరలో ఒదిగి, తల్లి వాసనలో ఊగుతూ బిడ్డ పడుకుంటుంది. కానీ దానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి, వాటిని పాటించిన ఇంట్లోనే అది క్షేమం. కొక్కెం, తాడు ముందు పెద్దమనిషి బరువు వేసి పరీక్షించండి. గుడ్డ నేలకు జానెడు ఎత్తున మాత్రమే ఉండాలి, కింద బొంత పరిచి ఉండాలి. పైన గుడ్డ రెండంచులూ దగ్గరికి వచ్చి బిడ్డ ముఖాన్ని కప్పకుండా అడ్డంగా ఒక కర్ర పెట్టాలి. గడ్డం ఛాతీకి ఆనేట్టు బిడ్డ ముడుచుకుపోతే ఊపిరి ఆడదు, అందుకని ఎప్పుడూ ఒకరు కనిపెట్టుకుని కూర్చోవాలి. బిడ్డ బోర్లా పడటం మొదలుపెట్టిన నాడు గుడ్డ తొట్టెల విప్పేయాలి. పెద్దపిల్లలను దానితో ఆడుకోనివ్వకూడదు.

రాత్రి నిద్రకు తొట్టెల కన్నా చదునైన పడక మేలు. గట్టి పరుపు, బిగుతుగా పరిచిన గుడ్డ, బిడ్డ వెల్లకిలా. పక్కన దిండ్లు, బొమ్మలు, మెత్తటి దుప్పట్లు ఏవీ వద్దు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టే అలవాటు ఉంది, దాన్ని కూడా పక్కన పెట్టమని డాక్టర్లు చెబుతున్నారు. పడక మాత్రం తల్లి చెయ్యి చాచితే అందే దూరంలో ఉండాలి. ఫొటోల్లో ఉన్న అర్రకూ మన అర్రకూ అసలు తేడా ఇక్కడే. అక్కడ బిడ్డకు వేరే గది. ఇక్కడ తల్లి ఉన్నదే బిడ్డ గది. పడమటి దేశాల డాక్టర్లు కూడా ఇప్పుడు మొదటి ఆరు నెలలు తల్లి పడుకునే గదిలోనే బిడ్డను వేరే పడకలో పెట్టమంటున్నారు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే డాక్టరు, యంత్రాలు చాలక, నెలలు నిండని బిడ్డలను తల్లుల ఛాతీకి కట్టి బతికించారు. ఆ పద్ధతిని ఇవాళ ప్రపంచమంతా నేర్పుతున్నారు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు తల్లి రొమ్ము కన్నా మంచి అర్ర ఇంకా ఎవరూ కట్టలేదు.

అర్రకు డబ్బు అడ్డం కాకూడదని ఆలోచించిన ప్రభుత్వాలు కూడా ఉన్నాయి. ఫిన్లాండ్ దేశంలో 1938 నుంచి పేద తల్లులకు, 1949 నుంచి తల్లులందరికీ ఒక అట్టపెట్టె ఇస్తున్నారు. అందులో బట్టలు, దుప్పటి, చిన్న పరుపు ఉంటాయి. పెట్టెలో ఆ పరుపు వేస్తే అదే బిడ్డ మొదటి పడక. మన తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్టు కూడా అటువంటి ఆలోచనే. సర్కారు దవాఖానలో కాన్పైన తల్లికి చీరలు, బిడ్డకు బట్టలు, సబ్బు, నూనె, దోమతెర, ఆటబొమ్మ ఇచ్చారు. విడతలుగా 12,000 రూపాయలు, ఆడబిడ్డ అయితే 13,000 అని నిర్ణయించారు. ఆడబిడ్డకు ఆ వెయ్యి ఎందుకు ఎక్కువో నల్లగొండ ఆడబిడ్డనైన నాకు వేరేగా ఎవరూ చెప్పనక్కర లేదు. 1999లో, మళ్లీ 2001లో దేవరకొండ వైపు తండాల నుంచి ఆడశిశువులను దత్తత పేరుతో అమ్ముతున్నారన్న వార్త దేశమంతా పాకింది. ఆ తల్లులకు ప్రేమ లేక కాదు. కట్నాల భయం, కరువు, పనిలేని బతుకు వాళ్లను అక్కడికి తోశాయి. పుట్టినందుకు సంతోషించే ఇల్లు లేకపోతే ఎన్ని రంగులేసినా ఆ అర్ర ఖాళీయే.

ఇప్పుడు మళ్లీ ఆ కొక్కెం దగ్గరికి వస్తాను.

మా ఇల్లు కట్టేటప్పుడు కాంక్రీటు మోసిన కూలీల్లో ఒక పడుచు తల్లి ఉండేది. పాలమూరు మనిషే. మూడు నెలల బిడ్డను వెంట తెచ్చుకునేది. వాకిట్లో వేపచెట్టు కొమ్మకు తన పాత చీర కట్టి, బిడ్డను అందులో వేసి, గంప నెత్తిన పెట్టుకునేది. మెట్లు ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి చెట్టు వైపు చూసేది. బిడ్డ ఏడిస్తే మేస్త్రి ముఖం చూసి, ఆయన తలూపితేనే గంప దించేది. నా తొట్టెల కోసం స్లాబులో కొక్కెం పెట్టిన రోజు ఆ కాంక్రీటు ఆమె నెత్తి మీదే వచ్చింది. నేను అప్పుడు కడుపుతో ఉన్నాను. నీడలో నిలబడి చూశాను. ఆమె తొట్టెల మీదికి ఎండ జరుగుతోందని గమనించాను కూడా. చీర విప్పి మా వసారాలో కట్టుకోమని ఒక్క మాట నా నోట రాలేదు. ముప్పయ్యేళ్లుగా ఆ కొక్కాన్ని చూసినప్పుడల్లా ఆ మాట నన్ను అడుగుతూనే ఉంది.

పాలమూరు కూలీ అంటే దేశానికి తెలుసు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా, రోడ్డు వేసినా మనవాళ్ల చెయ్యి ఉంది. మా నల్లగొండ గడ్డ మీద 1955 డిసెంబరు 10న పునాది పడి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లొదిలిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్టను వేల మంది ఆడామగా కూలీలు చేతులతో రాళ్లు మోసి కట్టారు. పనిచోట చెట్టుకు కట్టిన చీర తొట్టెల మన నేలకు కొత్త కాదు. హైదరాబాదులో మన పిల్లలు కొంటున్న ఎత్తైన ఇండ్ల కింద కూడా ఆ తొట్టెలలు ఊగాయి. ఏ అంతస్తులో మనవడికి అర్ర అలంకరిస్తున్నామో, ఆ అంతస్తుకు ఇటుకలు మోసిన తల్లి బిడ్డ కింద ఇసుకకుప్ప మీద పడుకుంది.

దీనికి చట్టం లేదని అనుకోకండి. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 35వ సెక్షన్ ప్రకారం, యాభై మందికి మించి ఆడకూలీలు పనిచేసే చోట ఆరేళ్ల లోపు పిల్లలకు గది కట్టాల్సి ఉండేది. గాలి, వెలుతురు, శుభ్రం ఉండాలని రాశారు. పిల్లలను చూసుకోవడం తెలిసిన ఆడమనిషి ఉండాలని కూడా రాశారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఇంకా మన ఊళ్లకు దగ్గరైంది. పనిచోటికి తల్లుల వెంట అయిదుగురు పసిపిల్లలు వస్తే చాలు, కూలీల్లోనే ఒక ఆమెను పిల్లలను చూసుకోవడానికి పెట్టాలని, ఆమెకు అందరితో సమానంగా కూలి ఇవ్వాలని అందులో రాశారు. 1969లో ఢిల్లీలో మీరా మహదేవన్ అనే ఆమె, గాంధీ శతజయంతి కోసం కడుతున్న మండపాల దగ్గర మట్టిలో పడి ఉన్న కూలీల పిల్లలను చూసి ఒక డేరా వేశారు. అదే మొబైల్ క్రెషెస్ అనే సంస్థ అయి ఇప్పటికీ నడుస్తోంది. మీరా మహదేవన్ చూసిన దృశ్యాన్నే మనం రోజూ చూస్తున్నాం. ఆమె ఆగింది.

శ్రోతలారా, మా ఇంటి అర్ర సిద్ధమైంది. గోడలకు తెల్లరంగు, కింద జాజు రంగు వేయించాం. కిటికీకి సన్న జాలీ కొట్టించాం. మంచం పక్కన చిన్న పడక, గుమ్మం దగ్గర చెంబు, సబ్బు. దండెం మీద ఇరవై నాలుగు పొత్తిగుడ్డలు, రెండు బొంతలు. గోడకు మూడు రంగుల ఏనుగు. కొక్కానికి మా తమ్ముడు వేలాడి చూశాడు, గట్టిగా ఉంది.

మా పక్క జాగాలో కొత్త ఇల్లు లేస్తోంది. పోయిన వారం ఒక తల్లి బిడ్డతో పనికి వచ్చింది. కంపచెట్టు తప్ప ఆ జాగాలో నీడ లేదు. నేను వెళ్లి, "బిడ్డా, మా వసారాల కట్టుకో తల్లీ, నేను కూసుంట" అన్నాను. ఆమె నా ముఖం వైపు, ఆ తర్వాత మేస్త్రి వైపు చూసింది. మేస్త్రితో నేనే మాట్లాడాను. వసారా దూలానికి ఇప్పుడు ఒక చీర వేలాడుతోంది. మా బిడ్డ దాని పక్కనే కూర్చుని బొంత కుడుతూ, ఒక చేత్తో తాడు లాగుతోంది. ఇరవై ఒకటో రోజున మా అర్రలో తొట్టెల కట్టే లోపు పసిబిడ్డ ఏడుపు ఎందుకో, ఊపు ఎంత ఉండాలో తనకు కొంత తెలిసిపోతుంది.

మీ ఇంట్లో బిడ్డ కోసం అర్ర సిద్ధం చేస్తున్నారా? సంతోషం. చేయండి, ముచ్చటగా చేయండి. అది అయ్యాక ఒకసారి వాకిట్లోకి వచ్చి చూడండి. మీ వీధిలో ఏ చెట్టుకైనా చీర వేలాడుతోందా? మీ ఊరి ఉపాధి పనిలో పిల్లలను చూసుకునే మనిషిని పెట్టారా? పెట్టకపోతే గ్రామసభలో లేచి అడగండి. మీరు ఇల్లు కట్టిస్తుంటే, పని మొదలైన నాడే మేస్త్రిని పిలిచి, కూలీ తల్లుల కోసం ముప్పయ్యేళ్ల కింద మా మేస్త్రి అడిగిన ఆ ప్రశ్నే అడగండి.

తొట్టెల ఎక్కడ కడతారు అని.